సిమెంటు రేకుల దుమ్ము, ప్లీడరు ఫైలు

ఆస్‌బెస్టాస్ (సిమెంటు రేకుల్లో, బ్రేకు లైనింగుల్లో కలిపే సన్నటి ఖనిజ పోగు) దుమ్ముతో జబ్బుపడ్డ కార్మికుడి పరిహారం కేసు ఆ పేరుతో ప్లీడరు దగ్గరికి రాదు. "ఆయాసమండీ, ఆరు నెలలు టీబీ మందులు వాడాం, తగ్గలేదు" అంటూ వస్తుంది. కఫం పరీక్షలో ఒక్కసారీ క్రిమి కనపడలేదు, అయినా ఎక్స్‌రే చూసి కోర్సు మొదలుపెట్టారు. ఫైల్లో ఇలాంటిది కనపడితే రోగం సంగతి తర్వాత, ముందు పాతికేళ్ల కిందట ఏం పని చేశారో అడగాలి. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్ బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఊపిరితిత్తి పొరకు వచ్చే క్యాన్సర్, మెసోథీలియోమా అయితే నలభై ఏళ్లు కూడా పట్టొచ్చు.

"ఆస్‌బెస్టాస్ దగ్గర పనిచేశారా?" అంటే చాలామంది లేదనే చెబుతారు. పనిని పట్టి అడగాలి. కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తే బస్తాలు కోసి మిక్సర్లో పోశారా, ఎండిన రేకు కోశారా, లేక తడి రేకు మోశారా? బాయిలరు పనైతే ఆవిరి పైపులకు తెల్ల తాడు చుట్టారా, ఓవర్‌హాల్‌లో పాతది పీకారా? పీకే పనిలోనే దుమ్ము ఎక్కువ. కాంట్రాక్టు కూలీల చేత ఎక్కువగా చేయించేదీ అదే.

విజయవాడ ఆటోనగర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లారీ బ్రేకు పనిలో ముందు డ్రమ్ము విప్పి లోపలి నల్ల పొడిని కంప్రెసర్ గాలితో ఊదేస్తారు. పాత రివెట్లు తీసి, బ్రేకు షూ మీద కొత్త లైనింగు (రాపిడి పట్టీ) బిగించి, డ్రమ్ముకు సరిపడేలా గ్రైండరు మీద అరగదీస్తారు. కళ్లకు కనపడేది మొదటి దుమ్ము కాబట్టి మెకానిక్ దాని గురించే చెబుతాడు. అవతలి ప్లీడరుకు కావలసిందీ అదే. బ్రేకు వేడికి ఆ పొడిలోని పోగు చాలామటుకు మారిపోతుందని నిపుణుడి చేత చెప్పిస్తాడు. ఆ మాట నిజమే. అందుకే కేసు ఊదడం మీద కాదు, కొత్త లైనింగు అరగదీయడం మీద నిలబెట్టాలి. ఏ ఏళ్లలో, రోజుకు ఎన్ని షూలు, షెడ్డు మూసి ఉండేదా, ఏ బ్రాండు లైనింగు, డబ్బా మీద "ఆస్‌బెస్టాస్ ఫ్రీ" అని ఎప్పటి నుంచి వచ్చింది, ఇవన్నీ పిటిషన్‌లో ఉండాలి.

ఒక మాట మధ్యలో. ఇంటి మీదో, గుంటూరు మిర్చి గోడౌన్ మీదో రేకులున్నాయని పరిహారం కేసు పడదు. రేకులో పోగు సుమారు పదో వంతు, అదీ సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. కోసినా, రంధ్రం పెట్టినా, పగలగొట్టినా లేచే దుమ్ముతోనే గొడవ.

ఇక వైద్యం కాగితాలు. మామూలు ఎక్స్‌రే చాలదు, హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా చూపే సీటీ స్కాన్) కావాలి. పీఎఫ్‌టీతో (ఊపిరి సామర్థ్య పరీక్ష) పాటు డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత చేరుతుందో చూసే పరీక్ష) కూడా చేయించాలి, ఎందుకంటే ఆస్‌బెస్టోసిస్‌లో ముందుగా తగ్గేది తరచు అదే. ఎక్స్‌రేను ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వర్గీకరణ ప్రకారం చదివించి, మచ్చలు ఎంత ఉన్నాయో చెప్పే 1/0, 1/1 లాంటి గ్రేడు రాయించాలి. మెసోథీలియోమా అయితే బయాప్సీ రిపోర్టు ఒక్కటే దాచుకుంటే లాభం లేదు. పారఫిన్ బ్లాకు (మైనంలో భద్రపరిచిన కండ ముక్క), స్లైడ్లు ఇప్పించమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి. ఆసుపత్రులు వాటిని ఎల్లకాలం ఉంచవు. క్యాన్సర్ ఏ రకమో తేల్చే కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1 లాంటి పరీక్షలు లేని రిపోర్టును "ఇది అడినోకార్సినోమా (వేరే రకం క్యాన్సర్) కాదని గ్యారంటీ ఏమిటి?" అనే ఒక్క ప్రశ్నతో పడగొడతారు.

బీడీ ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాచొద్దు. మెసోథీలియోమాకు పొగతో సంబంధం లేదు. ఊపిరితిత్తి క్యాన్సర్‌కు ఉంది, కానీ పొగా ఆస్‌బెస్టాసూ కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుందే గానీ యజమాని బాధ్యత పోదు.

మనిషి పోయాక వచ్చే కేసుల్లో ఎక్కువగా దెబ్బతీసేది మరణ కారణ ధ్రువపత్రం. "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఒక్క ముక్క రాసి ఇచ్చేస్తారు. గుండె ఆగకుండా ఎవరు పోతారు? అసలు కారణం రాసే గడిలో జబ్బు పేరు పడేలా కుటుంబం అక్కడే అడగాలి. తర్వాత దిద్దించడం మహా కష్టం.

నా ఉద్దేశంలో ఈ కేసులు పోయేది రోగం దగ్గర కాదు, కొలువు రుజువు దగ్గర. మూతపడ్డ ఫ్యాక్టరీ, మారిపోయిన కాంట్రాక్టరు, చేతిలో ఒక్క గేట్ పాసు. పీఎఫ్ ఖాతా సర్వీసు వివరాలు, ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) నంబరు, కాంట్రాక్టరు లైసెన్సు, ఫ్యాక్టరీల శాఖ తనిఖీ రిపోర్టులు, వీటన్నిటికీ ఆర్టీఐ పెట్టొచ్చు. కలిసి పనిచేసిన ఇద్దరి అఫిడవిట్లు తోడుంటే బలం. కాంట్రాక్టరు దొరకకపోయినా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సెక్షన్ 12 కింద అసలు యజమానిని, అంటే పని కాంట్రాక్టుకు ఇచ్చినవాణ్ని, పట్టుకోవచ్చు. కార్మికుల ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు ఉంచాలని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో చెప్పింది. "రికార్డు లేదు" అని యజమాని అంటే ఈ తీర్పు ముందు పెట్టండి.

కేసు వేసే ముందు ఈఎస్‌ఐ సంగతి తేల్చుకోవాలి. పనిచేసిన కాలంలో ఈఎస్‌ఐ ఉంటే దారి వేరు. మెడికల్ బోర్డు ముందుకెళ్లి అక్కడి ప్రయోజనమే తీసుకోవాలి, పరిహార చట్టం కింద మళ్లీ అడగడానికి ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 53 ఒప్పుకోదు. ఈ ముక్క చూసుకోకుండా లేబర్ శాఖలో కమిషనర్ దగ్గర వేసిన పిటిషన్ ఏళ్ల తరబడి నడిచి కొట్టివేతకు పోతుంది.

పరిహారం పిటిషన్ వేయడానికి గడువు రెండేళ్లు. పనిలో ఉండగా జబ్బు చేస్తే, దానివల్ల వరసగా పనికి రాలేకపోయిన మొదటి రోజు నుంచి లెక్క. పని మానేసిన రెండేళ్ల లోపు లక్షణాలు బయటపడితే, వాటిని గుర్తించిన రోజు నుంచి. ఇరవై ఏళ్లకు గానీ బయటపడని జబ్బుకు ఈ రెండేళ్ల లెక్క ఎలా సరిపోతుందో చట్టం రాసినవాళ్లకే తెలియాలి. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం సెక్షన్ 10 కింద కమిషనర్‌కు ఉంది. కాబట్టి టీబీ అని పొరబడిన చీటీలు పారేయకూడదు, ఆలస్యానికి కారణం చూపించేవి అవే. యజమానికి నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో పెట్టాలి. పరిహార చట్టం, ఈఎస్‌ఐ చట్టం రెండూ 2025 నవంబరు 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిశాయి. అందుకని జబ్బు తేదీ ఏ చట్టం కిందికి వస్తుందో మొదటి పేరాలోనే రాసేయాలి.

లెక్క ఇలా ఉంటుంది. 2020 నుంచి లెక్కలోకి తీసుకునే నెల జీతం పరిమితి 15,000 రూపాయలు. పూర్తి శాశ్వత వైకల్యమైతే అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి, 60 ఏళ్ల వయసుకు అది 117.41. మొత్తం 10,56,690. సంపాదన శక్తి 30 శాతమే పోయిందని డాక్టరు రాస్తే 3,17,007. పోట్లాట అంతా ఆ శాతం దగ్గరే. డాక్టర్లు ఊపిరితిత్తుల వైకల్యం శాతం రాస్తారు, కావలసింది సంపాదన శక్తి నష్టం. బస్తాలు మోసేవాడికి 40 శాతం ఊపిరి తగ్గితే ఆ పనే పోయినట్టు. సర్టిఫికెట్‌లో ఆ ముక్క రాయించాలి, రాసిన డాక్టరు క్రాస్ ఎగ్జామినేషన్‌కు వస్తాడో రాడో ముందే కనుక్కోవాలి.

చెల్లించాల్సిన నాటి నుంచి నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా. ఈ రెండూ పిటిషన్‌లో విడిగా అడగాలి. ఫీజు విషయంలో "వచ్చిన దాంట్లో మూడో వంతు" అనే అమెరికా పద్ధతి ఇక్కడ కుదరదు, బార్ కౌన్సిల్ నియమాలు వాటా ఒప్పందాన్ని నిషేధించాయి. ఫీజెంతో మొదటే కాగితం మీద రాయించుకోండి. యజమాని అమరావతిలోని నేలపాడు హైకోర్టుకు అప్పీలుకు వెళ్లాలంటే ముందు కమిషనర్ ఇమ్మన్న పరిహారం సొమ్ము ఆయన దగ్గరే కట్టి, కట్టినట్టు సర్టిఫికెట్ జతచేయాలి. అది జత చేశారో లేదో అప్పీలు నోటీసు అందిన రోజే చూసుకోండి.