త్రాసు మీద కాఫీ

గత ఏడాది పాత వస్తువుల దుకాణంలో కొని తెచ్చిన కాఫీ యంత్రాన్ని చూడగానే మా అమ్మ, “ఇదేమిట్రా, బంగారం తూచే త్రాసా?” అని అడిగింది. ఆమె పొరబడలేదు. చెన్నైలో, పశ్చిమ మాంబలంలోని మా వంటింటి గట్టు మీదికి చేరిన ఆ వస్తువు నిజంగానే ఒక త్రాసు. 1840ల ఐరోపాలో వాడుకలోకి వచ్చిన బ్యాలెన్సింగ్ సైఫన్‌కు తర్వాతి కాలపు నకలు.

ఒకవైపు బిగుతైన మూత గల లోహపు పాత్ర వేలాడుతూ ఉంటుంది. పక్కనే కాఫీ పొడి వేసిన గాజు పాత్ర, రెంటినీ కలుపుతూ ఒక వంపు గొట్టం. లోహపు పాత్రలో నీళ్లు పోసి కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే, నీరు మరిగి, ఆవిరి ఒత్తిడికి గొట్టం గుండా గాజు పాత్రలోకి వెళ్లిపోతుంది. బరువు తగ్గిన పాత్ర పైకి లేవగానే, అంతవరకు దాన్ని ఆనుకొని తెరిచి ఉన్న దీపపు మూత టక్కున పడి మంట ఆరిపోతుంది. లోపలి ఆవిరి చల్లబడి నీరవుతుంటే శూన్యం ఏర్పడి, గొట్టం కొసన ఉన్న వడపోత గుండా కాఫీని వెనక్కు లాక్కుంటుంది. పిప్పి మాత్రం గాజు పాత్రలోనే మిగిలిపోతుంది. ఆపైన లోహపు పాత్ర మూత కాస్త వదులు చేసి గాలిని లోపలికి పోనివ్వాలి, లేకపోతే ఆ పాత్రకున్న కుళాయి తిప్పినా చుక్క రాదు.

మొదటి రోజు అసలు కాఫీయే రాలేదు. మూత కింది బిరడా ఎండి బీటలు వారడంతో ఆవిరంతా పక్కల నుంచి బుస్సున పోయింది; అరగంట సేపు స్పిరిట్ మండిందే గాని నీరు గొట్టం దాటలేదు. చివరికి పాత కుక్కరు గ్యాస్కెట్ నుంచి ఒక ముక్కను గుండ్రంగా కత్తిరించి అమర్చాను.

ఇంతకంటే విడ్డూరమైనది 1902లో బర్మింగ్‌హామ్ తుపాకుల తయారీదారు ఫ్రాంక్ క్లార్క్ పేటెంటు పొందిన టీ యంత్రం. నిర్ణీత సమయానికి గడియారం తానే అగ్గిపుల్ల గీసి దీపం వెలిగిస్తుంది, నీరు మరిగాక కెటిల్ వంగి టీ పాత్రలోకి పోస్తుంది, గంట మోగుతుంది. నిద్రపోయే మనిషి తల దగ్గర తనంతట తాను నిప్పు రాజేసుకొనే వస్తువును పెట్టుకొనే ధైర్యం నాకు లేదు. సైఫన్‌లో దీపం నేను వెలిగిస్తాను, ఆర్పే పని అది చూసుకొంటుంది. ఆ పంపకమే నాకు నచ్చింది.

రుచి సంగతి వేరు. తేటగా, సువాసనగా ఉంటుంది గాని, పాలు పోస్తే తేలిపోతుంది; చికోరీ కలిపిన మన డికాషన్ చిక్కదనం అందులో రాదు. అమ్మ ఒక గుక్క తాగి, “ఇది కాఫీనా, చారు తేటా?” అని గ్లాసు పక్కన పెట్టేసింది. అయినా ఆదివారం నేను దీపం వెలిగించగానే, ఫిల్టరు కాఫీ పోసుకొన్న డబరా చేతిలో పట్టుకొని, మూత పడే క్షణం కోసం గట్టు పక్కన వచ్చి నిలబడుతుంది.