ఫోన్లో రికార్డింగులు, ట్యాబ్‌లో నొటేషన్లు: రెండింటినీ ఎట్లా కలిపాను

నేను తిరుపతిలో ఇంటి దగ్గరే పిల్లలకి సంగీతం చెప్తాను, మా గోష్ఠితో కలిసి అన్నమయ్య కీర్తనలు పాడతాను. నా పనంతా రెండు వస్తువుల మీద నడుస్తుంది. రికార్డింగులు, పిల్లల అమ్మానాన్నల నంబర్లు, క్లాసుల టైములు, ఎక్కడ ఎప్పుడు ప్రోగ్రాం అనే వివరాలు ఫోన్లో ఉంటాయి. నొటేషన్ పీడీఎఫ్‌లు ట్యాబ్‌లో ఉంటాయి, ఎందుకంటే పైన స్వరం, కింద సాహిత్యం, మధ్యలో గమకం గుర్తులు, ఇవన్నీ ఫోన్ తెర మీద చదవాలంటే ఈ వయసులో నా కళ్ల వల్ల కాదు. ట్యాబ్ కొన్నప్పుడు షాపులో అబ్బాయి "ఒకే జీమెయిల్‌తో లాగిన్ అవ్వండి మేడం, అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి" అన్నాడు. కొన్ని వచ్చాయి. నాకు అసలు కావలసినవే రాలేదు. అవి ఎందుకు రాలేదో, ఎట్లా రప్పించానో వివరంగా రాస్తున్నాను, మా తోటి టీచర్లు చాలామంది ఇంకా వాట్సాప్‌లో తమకు తామే ఫైళ్లు పంపుకుంటూ, నాలుగు రోజుల తర్వాత అది ఎక్కడుందో వెతుక్కుంటూ అవస్థ పడుతున్నారు కాబట్టి.

నావి రెండూ ఆండ్రాయిడే గానీ కంపెనీలు వేరు. ఒకే కంపెనీ ఫోనూ ట్యాబూ ఉన్నవాళ్లకి దొరికే ప్రత్యేక సౌకర్యాలు నాకు వర్తించవు. కాబట్టి నేను చెప్పేది ఏ కంపెనీ ఫోన్ ఉన్నవాళ్లకైనా పనికొస్తుంది.

ముందు కాంటాక్టులు. సగం నంబర్లు ట్యాబ్‌లో కనిపించలేదు. చూస్తే అవన్నీ పాత సిమ్‌లోనో, ఫోన్ మెమరీలోనో సేవ్ అయినవి. గూగుల్ అకౌంట్‌లో ఉన్న నంబర్లే రెండో పరికరానికి వెళ్తాయి, సిమ్‌లో ఉన్నది సిమ్‌లోనే ఉంటుంది. గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో ఆర్గనైజ్ అనే చోట సిమ్ నుంచి ఇంపోర్ట్ చేసుకునే ఆప్షన్ ఉంది. ఫోన్ మెమరీలో ఉన్నవాటిని కూడా సింక్ చెయ్యమని సెట్టింగ్స్‌లో ఒక బటన్ ఉంది. రెండూ చేశాక ఒకే పేరు రెండేసి మూడేసి సార్లు వస్తుంది, కంగారు పడక్కర్లేదు, మెర్జ్ చేస్తే సర్దుకుంటుంది. ఏదైనా తేడా కొడితే గూగుల్ కాంటాక్ట్స్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి 30 రోజుల లోపు ఉన్న పాత స్థితికి మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత మరిచిపోకుండా చేయాల్సింది, కొత్త నంబర్లు సేవ్ అయ్యే చోటుగా గూగుల్ అకౌంట్‌నే పెట్టుకోవడం.

క్యాలెండర్‌ది కూడా ఇదే కథ, ఈవెంట్ ఏ అకౌంట్ కింద పెడుతున్నామో చూసుకుంటే చాలు. ఒక్క విషయం మాత్రం మనలాంటివాళ్లకి ఈ క్యాలెండర్ తనంతట తాను చెయ్యదు. అన్నమయ్య వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి, జయంతి వైశాఖ పౌర్ణమి. ఇంగ్లీషు తేదీ పెట్టి ప్రతి ఏటా రిపీట్ అని నొక్కితే మరుసటి ఏడాదికే తప్పు రోజు చూపిస్తుంది. అందుకని ఉగాదికి కొత్త పంచాంగం రాగానే దగ్గర పెట్టుకొని, ఆ ఏడాది తిథులన్నీ ఫోన్లో విడివిడిగా ఎక్కిస్తాను, ట్యాబ్‌లోకి అవే వస్తాయి. గంట పని, ఏడాదంతా నిశ్చింత.

ఇక అసలు సంగతి, రికార్డింగులూ నొటేషన్లూ. వీటి దగ్గరే నాకు ఎక్కువ రోజులు పట్టింది. గూగుల్ ఫోటోస్ ఫోటోలు, వీడియోలే తీసుకుంటుంది, ఆడియో ముట్టుకోదు. డ్రైవ్‌లో పెడదామంటే ఫోన్లోని డ్రైవ్ యాప్ ఒక ఫోల్డర్‌ని తనంతట తాను గమనిస్తూ కొత్త ఫైలు రాగానే ఎక్కించదు, ప్రతిదీ మనమే అప్‌లోడ్ చెయ్యాలి. పైగా ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి ఎక్కించిన ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి, తర్వాత ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా చేరింది. పిల్లల ప్రోగ్రాం వీడియోలకే ఆ చోటు చాలడం లేదు, ఇంక గంటల కొద్దీ ఆడియో ఎక్కడ పెట్టను?

అప్పుడు సింక్‌థింగ్ అనే యాప్ గురించి తెలిసింది. ఇది మన ఫైళ్లని ఏ కంపెనీ సర్వర్లోనూ నిల్వ చెయ్యదు. రెండు పరికరాలూ ఇంట్లో ఒకే వైఫైలో ఉంటే నేరుగా ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. డబ్బులు కట్టక్కర్లేదు, చోటు గొడవ లేదు. అసలు ఆండ్రాయిడ్ యాప్‌ని దాని రచయితలు 2024 డిసెంబరుతో ఆపేశారు, నేను వాడేది సింక్‌థింగ్ ఫోర్క్, అంటే ఆ యాప్‌నే తీసుకొని వేరేవాళ్లు నడిపిస్తున్నది; ఉచిత యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకున్నాను. ట్యాబ్‌లో క్యూఆర్ కోడ్ తెరిచి ఫోన్‌తో స్కాన్ చేస్తే, ఫలానా పరికరం కలవాలంటోంది, ఒప్పుకుంటారా అని ట్యాబ్ అడుగుతుంది. ఒప్పుకోవాలి. తర్వాత ఏ ఫోల్డర్ పంచుకోవాలో చెప్పాలి. అంతవరకు సులువే.

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. రెండు వైపులా ఎవరైనా మార్చొచ్చు అని వదిలేస్తే, ఒకే ఫైలుని రెండు చోట్లా మార్చినప్పుడు సింక్-కాన్‌ఫ్లిక్ట్ అనే పేరుతో ఇంకో కాపీ పుట్టుకొస్తుంది, ఏది సరైనదో మనమే తేల్చుకోవాలి. అందుకే నేను మొదటే నిర్ణయించుకున్నాను: రికార్డింగుకి ఫోన్ పెద్ద, నొటేషన్‌కి ట్యాబ్ పెద్ద. రికార్డింగుల ఫోల్డర్‌కి ఫోన్లో సెండ్ ఓన్లీ (పంపడం మాత్రమే), ట్యాబ్‌లో రిసీవ్ ఓన్లీ (అందుకోవడం మాత్రమే) పెట్టాను. నొటేషన్ల ఫోల్డర్‌కి సరిగ్గా దానికి తిరగేసి పెట్టాను. ఇప్పుడు ట్యాబ్‌లో మా పాప పొరపాటున ఒక రికార్డింగు తీసేసినా ఫోన్లోది చెక్కుచెదరదు. కానీ ఫోన్లో నేనే తీసేస్తే ట్యాబ్‌లోనూ పోతుంది, సింక్ అంటే అదే కదా. దానికోసం ట్యాబ్ వైపు ఆ ఫోల్డర్‌కి ఫైల్ వెర్షనింగ్‌లో ట్రాష్ క్యాన్ పెట్టాను. పోయిన ఫైలు వెంటనే మాయమైపోకుండా పక్కన ఒక ఫోల్డర్‌లో పడి ఉంటుంది, కావాలంటే తీసుకోవచ్చు.

ఇది ఎంత సుఖమో ఒక ఉదాహరణ చెప్తాను. వర్ధంతి కార్యక్రమానికి రిహార్సల్ జరుగుతుంటే మా గురువుగారు ముఖారి రాగంలో ఒక సంగతి (అదే పంక్తిని ఇంకో రకంగా పాడే తీరు) మేం నేర్చుకున్న దానికి భిన్నంగా, కిందికి దిగుతూ చాలా అందంగా పాడారు. ఫోన్లో రికార్డ్ చేసి, అక్కడే పేరు మార్చాను. ఇంటికొచ్చి ఫోన్ వైఫైకి కలవగానే, నేను కాఫీ పెట్టుకునేలోపు ఆ ఫైలు ట్యాబ్‌లో ఉంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, ట్యాబ్ స్టాండు మీద నొటేషన్ తెరిచి, వింటూ వింటూ స్టైలస్‌తో ఎర్రరంగులో ఆ స్వరాలు చరణం పైన రాసుకున్నాను. మర్నాడు తిరుమల బస్సులో అదే పేజీ ఎర్ర అక్షరాలతో సహా ఫోన్లో తెరిచి మనసులో పాడుకుంటూ వెళ్లాను. ఇదివరకైతే ఈ పనికి కాగితం, పెన్ను, మతిమరుపు, అన్నీ తోడయ్యేవి.

దీనికి రెండు జాగ్రత్తలు. పీడీఎఫ్ మీద మనం గీసినది ఆ ఫైలులోనే సేవ్ అవుతోందా, లేక యాప్ తన లోపలే దాచుకుంటోందా చూసుకోవాలి. లోపల దాచుకునే యాప్ అయితే రెండో పరికరానికి ఖాళీ పేజీ మాత్రమే వెళ్తుంది. రెండోది ఫైలు పేర్లు. మనకి దొరికే నొటేషన్లలో చాలావరకు 'అను' అనే పాత రకం ఫాంట్లలో టైపు చేసినవో, స్కాన్ చేసినవో. వాటి లోపల తెలుగులో వెతికితే ఏమీ దొరకదు. అందుకే నేను ప్రతి ఫైలుకీ ముందు రాగం, తర్వాత తాళం, తర్వాత పల్లవి మొదటి మాట, ఇట్లా తెలుగులోనే పేరు పెడతాను. రికార్డింగుకీ అదే పేరు. మధ్యమావతి అని కొడితే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. తెలుగు పేర్ల వల్ల సింక్‌కి ఏ ఇబ్బందీ రాలేదు.

మధ్యలో కొన్నాళ్లు ట్యాబ్‌కి ఏమీ వచ్చేది కాదు, యాప్ తెరిస్తేనే వచ్చేది. బ్యాటరీ మిగల్చాలని ట్యాబే ఆ యాప్‌ని నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్ బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ అని మార్చాను. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అని ఇంకోటి కూడా ఉంటుంది, అదీ ఆన్ చెయ్యాలి. సింక్ కావడం లేదని ఎవరు చెప్పినా నేను ముందు ఇదే చూడమంటాను, ఎక్కువసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది.

వాట్సాప్‌కి పెద్ద శ్రమ లేదు. ట్యాబ్‌లో వేసుకొని, తెర మీద వచ్చిన కోడ్‌ని ఫోన్లోని లింక్డ్ డివైసెస్ నుంచి స్కాన్ చెయ్యడమే. అట్లా నాలుగు పరికరాల దాకా కలపొచ్చు. ఫోన్లో 14 రోజులపాటు వాట్సాప్ తెరవకపోతే మాత్రం అవన్నీ లాగౌట్ అయిపోతాయి. గూగుల్ ఫోటోస్ విషయంలో ఒక్క మాట: బ్యాకప్ అయిన ఫోటోని ట్యాబ్‌లో డిలీట్ చేస్తే ఫోన్లోనూ పోతుంది, చోటు కోసం ట్యాబ్‌లో తీసేస్తున్నాను అనుకోకండి. 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఆలోపే చూసుకోవాలి.

మహతి ఆడిటోరియంలోనో అన్నమాచార్య కళామందిరంలోనో ప్రోగ్రాం ఉన్నప్పుడు మన ఇంటి వైఫై ఉండదు. చివరి నిమిషంలో ఎవరో ఒక నొటేషన్ ఫోన్‌కి పంపిస్తారు. అప్పుడు క్విక్ షేర్ వాడతాను, ఇదివరకు నియర్‌బై షేర్ అనేవారు, 2024లో పేరు మారింది. నెట్ లేకపోయినా బ్లూటూత్, వైఫై రెండూ ఆన్‌లో ఉంటే చాలు, పక్కనే ఉన్న ట్యాబ్‌కి చిటికెలో వెళ్తుంది.

నెలకోసారి రెండు ఫోల్డర్లనీ ఓటీజీతో (ఫోన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించే చిన్న కనెక్టర్) పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తాను. సింక్ ఉంది కదా అని ఇది మానడానికి లేదు, తప్పు ఒక చోట జరిగితే సింక్ దాన్ని రెండో చోటికి కూడా మోసుకెళ్తుంది. గురువుగారి గొంతు మళ్లీ రికార్డ్ చేసుకోగలమో లేదో ఎవరికి తెలుసు.

మా గోష్ఠిలో ఒక అక్కకి ఫోన్ ఆండ్రాయిడ్, ట్యాబ్ ఐప్యాడ్. ఐప్యాడ్‌లో యాప్‌లని వెనకాల అంతసేపు నడవనివ్వరు కాబట్టి ఆమెకి నా పద్ధతి కుదరదు. నొటేషన్లు తక్కువ చోటే తీసుకుంటాయి గనక వాటిని డ్రైవ్‌లో పెట్టి, పాడబోయే నాలుగైదింటికి ముందు రోజే ఆఫ్‌లైన్‌లో ఉంచుకోమన్నాను. రికార్డింగుల సంగతి చూడటానికి ఆదివారం రెండూ పట్టుకొని మా ఇంటికి వస్తానంది.