బయోఇంజినీరింగ్: లెక్కలు పాతవే, సరుకు మాత్రం బతికుంది

బయాలజీని స్కూల్లోనే వదిలేశాం, ఇప్పుడు ఈ సబ్జెక్టులోకి రాగలమా అని ఇంజినీరింగ్ విద్యార్థులు అడుగుతుంటారు. రావచ్చు. ఓమ్ సూత్రం చర్మం దగ్గర మారిపోదు, పదార్థాలు గాఢత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు వ్యాపించే తీరు చెప్పే ఫిక్ సూత్రం కణజాలంలోనూ అదే. మారేదల్లా ఆ సూత్రాలు వాడేటప్పుడు మనం పైకి చెప్పకుండా పెట్టుకునే ఊహలు: మెటీరియల్ అంతటా ఒకేలా ఉంటుందని, నిన్న ఉన్నట్టే రేపూ ఉంటుందని, మనం కొలిచినా తాకినా దానికేమీ పట్టదని. శరీరంలో ఈ మూడూ తప్పే. ఏ ఊహ ఎక్కడ కూలుతుందో పట్టుకోవడమే ఈ రంగంలో సగం పని.

ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చేవాళ్లకు ఈసీజీ యాంప్లిఫయర్‌ని మించిన మొదటి ప్రాజెక్టు లేదు. చర్మం మీద దొరికే గుండె సిగ్నల్ సుమారు 1 మిల్లీవోల్ట్. దాన్ని 1000 రెట్లు పెంచితే సరిపోతుంది కదా అని చాలామంది మొదటి దశలోనే గెయిన్ మొత్తం పెట్టేస్తారు. అవుట్‌పుట్ వెళ్లి సప్లై వోల్టేజీకి అతుక్కుపోతుంది, ఇక కదలదు. తప్పు చిప్‌ది కాదు. లోహం, జెల్, చర్మం కలిసే ప్రతిచోటా ఒక డీసీ వోల్టేజీ పుడుతుంది, రెండు ఎలక్ట్రోడ్‌ల దగ్గర అది సమానంగా ఉండదు. ఆ తేడా 300 మిల్లీవోల్ట్‌ల దాకా రావచ్చని అనుకునే డిజైన్ చేయాలి. కనీసం 10 మిల్లీవోల్ట్‌ల తేడా ఉన్నా, 1000 రెట్లయితే 10 వోల్ట్‌లు.

అందుకే మొదటి దశలో గెయిన్ 10 దాటనివ్వకండి. ఏడీ620 అనే యాంప్లిఫయర్ చిప్ వాడుతుంటే 5.49 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో సరిగ్గా ఆ గెయిన్ వస్తుంది. తర్వాత హైపాస్ ఫిల్టర్‌తో డీసీని తీసేసి, మిగతా 100 రెట్లు రెండో దశలో పెట్టుకోవాలి. హైపాస్‌కి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 3.3 మెగాఓమ్‌ల రెసిస్టర్ పెడితే కటాఫ్ (అంతకంటే నెమ్మదైన మార్పులను ఫిల్టర్ ఆపేసే హద్దు) 0.05 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. రోగనిర్ధారణ స్థాయి ఈసీజీకి కావాల్సింది అదే. దీనికో ఇబ్బంది ఉంది: టైమ్ కాన్‌స్టెంట్ 3.3 సెకన్లు, కాబట్టి మనిషి కాస్త కదిలితే గీత మళ్లీ మధ్యకు రావడానికి పది సెకన్లు పడుతుంది. విసుగొచ్చి రెసిస్టర్‌ని 330 కిలోఓమ్‌లకు మారుస్తారు. కటాఫ్ 0.5 హెర్ట్జ్ అవుతుంది, గీత చక్కగా నిలబడుతుంది. కానీ ఈ సాదా ఆర్‌సీ ఫిల్టర్ 0.5 హెర్ట్జ్ దగ్గర తెచ్చే ఫేజ్ మార్పు వల్ల ఎస్‌టీ భాగం (ప్రతి స్పందనలో పెద్ద శిఖరం తర్వాత వచ్చే గీత) ఆకారం వంగుతుంది. గుండెపోటు కోసం డాక్టర్ చూసేది సరిగ్గా ఆ భాగాన్నే. గుండె వేగం లెక్కపెట్టడానికైతే 0.5 నుంచి 40 హెర్ట్జ్ చాలు, ఆకారం చదవాలంటే 0.05 నుంచి 150 కావాలి. ఫిల్టర్ పెట్టేముందు ఈ గీతను ఎవరు, ఎందుకు చదువుతారో తేల్చుకోవాలి.

ఇక కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 లేదా 60 హెర్ట్జ్ హమ్. అది కనబడగానే, ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసే నాచ్ ఫిల్టర్ వైపు పరిగెత్తడం నాకు నచ్చని అలవాటు. పదునైన నాచ్, ఈసీజీలోని పెద్ద శిఖరం క్యూఆర్‌ఎస్ వెనకాల చిన్న అలలు పుట్టిస్తుంది, లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. ముందు చర్మం చూడండి. శరీరం మీద రెండు చోట్లా సమానంగా ఉండే హమ్‌ని యాంప్లిఫయర్ కొట్టేయగలదు. కానీ ఒక ఎలక్ట్రోడ్ దగ్గర 5 కిలోఓమ్‌లు, ఇంకోదాని దగ్గర 50 కిలోఓమ్‌లు ఉంటే, సమానంగా వచ్చిన హమ్ కాస్తా తేడా సిగ్నల్‌గా మారి లోపలికొస్తుంది. అలాంటప్పుడు డేటాషీట్‌లో సీఎమ్‌ఆర్‌ఆర్ (రెండు చోట్లా సమానంగా ఉన్నదాన్ని కొట్టేసే సామర్థ్యం) ఎంత రాసున్నా లాభం లేదు. ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక గరుకు గుడ్డతో తేలిగ్గా రుద్ది, జెల్ ఎండిపోని కొత్త సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌లు అంటించండి. తీగలు రెండూ మెలిపెట్టండి. ఆ హమ్‌ని తిరగేసి కుడికాలి ద్వారా శరీరానికే పంపి తగ్గించే కుడికాలి డ్రైవ్ సర్క్యూట్ కలపండి. ఇవన్నీ అయ్యాక కూడా హమ్ మిగిలితే అప్పుడు నాచ్.

మనిషికి తగిలించే సర్క్యూట్ బ్యాటరీ మీదే నడవాలి, దానికి కలిపిన ల్యాప్‌టాప్ కూడా చార్జర్ తీసేసి ఉండాలి. ప్లగ్‌లో ఉన్న ఆసిలోస్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పు నేరుగా ఎర్త్‌కి వెళ్తుంది, అంటే మనిషిని ఎర్త్‌కి కట్టేసినట్టే. కుడికాలి తీగతో సహా ప్రతి ఎలక్ట్రోడ్ తీగలో లక్ష ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఏదైనా చెడిపోయి రెండు 9 వోల్ట్ బ్యాటరీల 18 వోల్ట్‌లూ రెండు తీగల మధ్య పడినా, రెండు లక్షల ఓమ్‌ల మీదుగా పారేది 90 మైక్రోఆంపియర్లే. పరీక్షలు మొదట మనిషి లేకుండా చేయాలి: ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 వోల్ట్ తీసుకుని, లక్ష ఓమ్‌లు, 100 ఓమ్‌ల డివైడర్ గుండా పంపితే 1 మిల్లీవోల్ట్ వస్తుంది.

కెమికల్ వాళ్లకు అసలు ఇంజినీరింగ్ ఆక్సిజన్ దగ్గర ఉంది. 37 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన కల్చర్ మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) కరిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 0.2 మిల్లీమోల్, అంతే. మిల్లీలీటరుకు కోటి కణాలున్నాయనుకోండి, కణం గంటకు 0.25 పికోమోల్ వాడుతుందనుకోండి. లీటరుకు గంటకు 2.5 మిల్లీమోల్ కావాలి. గాలి ఆపేస్తే ఉన్న నిల్వ ఐదు నిమిషాలు కూడా రాదు.

గాలి ఎక్కువ పంపి, గట్టిగా కలిపితే? బ్యాక్టీరియాకి గోడ ఉంది కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. 1982లో అమెరికాలో అనుమతి పొందిన రీకాంబినెంట్ ఇన్సులిన్ ఈ.కోలైలో తయారైందే. యాంటీబాడీలు తయారుచేసే క్షీరద కణాలకు ఆ గోడ లేదు. అందరూ కలిపే రెక్కను అనుమానిస్తారు గానీ, ఎక్కువ కణాలను చంపేది పైకొచ్చి పగిలే బుడగలు. అందుకే లీటరుకు 1 గ్రాము దాకా ప్లూరోనిక్ ఎఫ్-68 అనే పాలిమర్ కలుపుతారు, కణాలు బుడగకు అంటుకోకుండా. నురగ ఎక్కువైందని యాంటీఫోమ్ పోస్తే బుడగలు కలిసిపోయి పెద్దవవుతాయి, ఆక్సిజన్ అందే రేటు పడిపోతుంది. ఒక మీట తిప్పితే ఇంకో మూడు కదులుతాయి.

అదే ఆక్సిజన్ లెక్క కణజాలం తయారుచేసేవాళ్లను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఒకవైపు నుంచే ఆక్సిజన్ అందే పొరలో అది ఎంత లోతు వెళ్తుందంటే: డిఫ్యూజన్ (వ్యాపన) గుణకాన్ని ఉపరితల గాఢతతో హెచ్చించి, రెండు రెట్లు చేసి, వాడకపు రేటుతో భాగించి, వర్గమూలం తీయండి. గుణకం సెకనుకు 2×10⁻⁹ చదరపు మీటర్లు, గాఢత ఘనపు మీటరుకు 0.2 మోల్, వాడకం ఘనపు మీటరుకు సెకనుకు 0.02 మోల్ అని పెడితే 200 మైక్రాన్లు వస్తుంది. శరీరంలో చాలా కణాలు రక్తకేశనాళికకు 100, 200 మైక్రాన్లలోపే ఉండటం ఊరికే కాదు. వర్గమూలం ఉంది కాబట్టి ఆక్సిజన్ రెట్టింపు చేసినా లోతు 1.4 రెట్లే పెరుగుతుంది. చర్మం, మృదులాస్థి లాంటివి ముందు సాధ్యపడి, కాలేయం ఇంకా సతాయిస్తున్నదానికి పెద్ద కారణం ఇదే. మృదులాస్థిలో రక్తనాళాలే ఉండవు, కణాలూ తక్కువే.

ఇక్కడ విద్యార్థులు పడే గొయ్యి ఒకటుంది. సెంటీమీటరు మందం స్కాఫోల్డ్‌లో (కణాలు పట్టుకుని పెరిగే చట్రంలో) కణాలు పెంచి, మొత్తాన్ని కలిపి వయబిలిటీ పరీక్ష, అంటే ఎన్ని బతికున్నాయో చూసే పరీక్ష చేస్తారు. అంచున బతికినవాటి వల్ల అంకె బాగానే కనిపిస్తుంది, నడిమధ్య అంతా చచ్చిపోయి ఉంటుంది. ముక్కను అడ్డంగా కోసి, రంగు వేసి, అంచు నుంచి మధ్య దాకా చూస్తేనే సంగతి తెలుస్తుంది.

మెకానికల్ వాళ్ల గురించి క్లుప్తంగా. టైటానియం మిశ్రమం సాగుగుణకం (ఎంత బిరుసో చెప్పే అంకె) 110 గిగాపాస్కల్, గట్టి ఎముకది 15 నుంచి 20. తుంటిలో లోహపు కాడ దించితే బరువంతా అదే మోస్తుంది, పనిలేని ఎముక పలచబడుతుంది, కొన్నేళ్లకు కాడ వదులవుతుంది. భారాన్ని బట్టి ఎముక తనను తాను మార్చుకుంటుందని 1892లోనే వోల్ఫ్ రాశాడు. మీ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ లెక్కలో ‘ఎక్కువ బలం, ఎక్కువ మంచిది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. పదేపదే పడే భారానికి లోహం అలిసిపోయే ఫటీగ్ సంగతి సరేసరి: ఒక్కో కాలికి ఏడాదికి పది లక్షల అడుగులు, ప్రతి అడుగుకీ తుంటి మీద శరీర బరువుకు రెండున్నర, మూడు రెట్లు.

స్టెరిలైజేషన్‌ని చివరికి వదిలేయకండి. పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన ముక్క 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ నడిచేది 121 డిగ్రీల దగ్గర, కాబట్టి తలుపు తీసేసరికి ముక్క ఆకారం పోయి ఉంటుంది. గామా కిరణాలు పాలీఎథిలీన్‌ని ఆక్సీకరణకు గురిచేసి పెళుసు చేస్తాయి. ఇథిలీన్ ఆక్సైడ్ వాడితే ఆ గ్యాస్ పూర్తిగా బయటికి పోయేదాకా ఆగాలి. డ్రాయింగ్ గీసే రోజే ఏ పద్ధతో రాసిపెట్టుకోండి.

ల్యాబ్‌లో అడుగుపెట్టిన మొదటి వారం ఫ్లాస్క్ రంగు చదవడం నేర్చుకోండి. మీడియంలో ఫినాల్ రెడ్ అనే, పీహెచ్‌ని బట్టి మారే రంగు ఉంటుంది. సరైన పీహెచ్ దగ్గర ఎరుపు. పసుపుకు తిరిగిందంటే కణాలు కిక్కిరిసి ఆమ్లం పెరిగింది. రాత్రికి రాత్రే పసుపై, మసకగా కూడా ఉంటే బ్యాక్టీరియా చేరినట్టే, దాచుకోకుండా పారేయండి. ముదురు గులాబీ రంగైతే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయింది: ఇంక్యుబేటర్‌లో 5 శాతం ఉంచేది బైకార్బనేట్ బఫర్ కోసమే, ఫ్లాస్క్ బయట ఎక్కువసేపు ఉన్నా, సిలిండర్ ఖాళీ అయినా ఇదే జరుగుతుంది.

ఫలితాలు రాసేటప్పుడు ఒకే ఫ్లాస్క్ కణాలను కల్చర్ ప్లేట్‌లోని మూడు గుంటల్లో పోసి ‘మూడు నమూనాలు’ అనకండి. అవి మీ పిపెట్ చెయ్యి ఎంత నిలకడగా ఉందో చెబుతాయి, కణాల గురించి కాదు. వేర్వేరు దాతల కణాలతో, లేదా కనీసం వేర్వేరు రోజుల్లో కొత్తగా మొదలుపెట్టిన కల్చర్‌లతో మళ్లీ చేస్తేనే మూడు అని లెక్క. మూడు గుంటల సగటు తీసి దాన్ని ఒక్క బిందువుగా గ్రాఫ్‌లో పెట్టండి. ఎర్రర్ బార్లు పెద్దవవుతాయి, సమీక్షకులు అడిగే మొదటి ప్రశ్న మాత్రం తప్పుతుంది.