కొడుకింట్లో తగ్గిపోతున్న తాతలు

మాది మదనపల్లె. చెన్నైలో వేళచ్చేరి వైపు ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. డాక్టరుగారికి తెలుగు రాదు. తమిళం రాని మన పెద్దవాళ్ళు వస్తే ముందు నా దగ్గర కూర్చోబెడతారు. ఎక్కువమంది నెల్లూరు, చిత్తూరు, కడప పల్లెలు వదిలి పిల్లల దగ్గరికి వచ్చేసినవాళ్ళే.

బీపీ, షుగరు అదుపులోనే ఉంటాయి. మనిషి మాత్రం తగ్గిపోతుంటాడు. చొక్కా వదులవుతుంది, చేతులు ఊనందే కుర్చీలోంచి లేవలేడు. "వయసు కదా సిస్టర్" అంటారు కొడుకులు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది.

ఊళ్ళో ఆయన పాలు తెచ్చుకునేవాడు, పొలం గట్టున తిరిగేవాడు, బ్యాంకుకి పోయేవాడు. ఇక్కడ లిఫ్టు ఉంది, పాలపాకెట్టు తలుపు దగ్గరికే వస్తుంది, మాత్రలు కోడలు చేతికిస్తుంది. అన్నీ ప్రేమతో చేస్తున్నవే. దాంతో ఆయన ఏ పని అవసరం లేక మానేశాడో, ఏది చేతకాక మానేశాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. మేం నింపే ఫారంలో 'ఒంటరిగా బయటికి వెళ్ళగలరా' అనే ప్రశ్న ఉంది. తమిళం రాక బస్సెక్కని మనిషికీ కాళ్ళాడక ఎక్కని మనిషికీ అక్కడ ఒకటే గడి.

అందుకే నేను ఇంకోలా అడుగుతాను: "తాతా, ఆర్నెల్ల కిందట మీ అంతట మీరు చేసుకుని, ఇప్పుడు మానేసిన పనేంది?" ఒకాయన కొడుకు బయటికి పోయిందాకా ఆగి చెప్పినాడు: "కుళాయి పట్టుకోకుండా నిలబడి నీళ్ళు పోసుకోలేకపోతున్నానమ్మా. అబ్బాయికి చెప్పబాక."

ఇలా తగ్గిపోవడాన్ని పట్టుకోవడానికి అమెరికా డాక్టరు లిండా ఫ్రీడ్ బృందం 2001లో ఐదు గుర్తులు చెప్పింది: అనుకోకుండా బరువు తగ్గడం, తీరని అలసట, చేతిపట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే ఒంట్లో సత్తువ నిల్వ అడుగంటినట్టే. ఒకటి రెండుంటే ఆ దారి పట్టినట్టు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటాం. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదముందని జాగ్రత్తపడతాం. దీనికి కుర్చీ, టేపు, ఫోన్లో టైమరు చాలు.

వెతికితే చాలాసార్లు సరిచేయగల కారణం దొరుకుతుంది. లేచి నిలబడగానే బీపీ పడిపోతుండొచ్చు. ఏళ్ళ తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడి బీ12 విటమిన్ తగ్గి ఉండొచ్చు. పళ్ళు లేక రసం అన్నంతో సరిపెట్టుకుంటుండొచ్చు. పలకరించే మనిషి లేక దిగులు పడి ఉండొచ్చు, దీన్ని మాత్రం ఎవరూ అడగరు. గుడ్డు, పప్పు పెంచి, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం రోజూ చేయిస్తే కాళ్ళకి బలం తిరిగొస్తుంది.

తమిళనాడులో 2021 నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' (జనం దగ్గరికే వైద్యం) అనే ప్రభుత్వ పథకం కింద ఫిజియోథెరపీ ఇంటికే వస్తోంది. చెన్నైలోనే గిండీలో 2024లో వృద్ధుల కోసమే 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మనవాళ్ళకి ఈ రెండూ పెద్దగా తెలీవు, అందుకే వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాను.

నాన్నని తీసుకొచ్చినప్పుడు ఆయన బదులు మీరు జవాబు చెప్పకండి. తలుపు దగ్గర్నుంచి కుర్చీదాకా ఆయన్నే నడవనివ్వండి. పడకుండా పక్కన మేముంటాం.