139వ కీర్తన విన్నాక

నిన్న స్త్రీల కూడికలో పాస్టరమ్మ గారు 139వ కీర్తన తీశారు. తల్లి గర్భంలో మనల్ని నిర్మించింది దేవుడే, కాబట్టి కడుపులో బిడ్డ ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదన్నారు. నేనూ అదే నమ్ముతాను.

కూడిక అయ్యాక ఒక అక్క పక్కకు పిలిచింది. (తనని అడిగే రాస్తున్నా.) అయిదో నెల స్కానింగ్‌లో బిడ్డకు పుర్రె ఏర్పడలేదని, పుట్టినా బతకదని తేలిందట. తీయించుకుంది. అప్పటి నుంచి చర్చిలో ప్రభువు బల్లలో (యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారంలో) పాలుపంచుకోవడం లేదు.

ఇలాంటి గర్భం విషయంలోనూ క్యాథలిక్ సభ గర్భస్రావాన్ని ఒప్పుకోదు. ప్రొటెస్టంట్లలో ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. చట్టం సంగతి వేరే, 2021 సవరణ ప్రకారం బిడ్డకు తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాలు దాటినా అనుమతి ఉంది. కానీ అక్క భయం చట్టానికి కాదు, దేవుడికి.

ఇంకోటి. ఆడపిల్లని తెలుసుకుని తీయించేవాళ్లు విశ్వాసుల ఇళ్లల్లో లేరా? 1994 చట్టంతోనే లింగ నిర్ధారణ నేరమైంది. దాని మీద మాత్రం ఒక్క ప్రసంగమూ వినలేదు నేను.

ఈసారి కూడికలో ఆ మాట ఎత్తమని పాస్టరమ్మ గారిని అడగబోతున్నా. అక్క కూడా వస్తానంది.