పట్టుచీరతో విమాన ప్రయాణం

ఈ ఉదయం చెన్నై విమానాశ్రయంలో, తెర చాటున తనిఖీ చేస్తున్న సీఐఎస్ఎఫ్ మహిళా కానిస్టేబుల్ చేతిలోని డిటెక్టర్ నడుము దగ్గర మోగగానే, అత్తయ్య కుచ్చిళ్లకు పెట్టుకున్న పిన్నీసును చూపించారు.

పిన్నీసు, వడ్డాణం, మెట్టెలు, వెండి తీగతో నేసిన అసలైన జరీ, ఏ లోహమైనా సరే ఆ పరికరం పుట్టించే అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుంది కనుక, మోగినంత మాత్రాన పెద్దవాళ్లు కంగారు పడనక్కరలేదు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

అయినా పెళ్లికి వెళ్లేటప్పుడు కూడా మెత్తని నూలుచీర కట్టుకుని, పట్టుచీరనూ నగలనూ చేతిసంచిలో సర్దుకోవడమే మేలని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి, అందుచేత చెప్పులు కాస్త వదులుగా ఉండాలి. విమానంలో చలికి శాలువా కూడా కావాలి, దానికి మాత్రం పిన్ను పెట్టకండి.