తొమ్మిది మంది చొప్పున

ఒకప్పుడు మన బడి పిక్నిక్ అంటే నాగార్జునసాగర్. అద్దెకు తీసుకున్న ఆర్టీసీ బస్సు, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లాలు, బస్సు కదిలే ముందు వరుస నంబర్లు. ఒకటి నుంచి ఆఖరు దాకా ఎవరి నంబరు వాళ్లు అరిచి చెప్పాలి. మధ్యలో ఏ నంబరు వినపడకపోయినా బస్సు కదిలేది కాదు. ఇప్పుడు అదే బడి పిల్లల్ని సింగపూర్‌కు, దుబాయ్‌కు, ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్‌కు తీసుకెళ్తోంది. మా బ్యాచ్‌లో కొందరం టికెటింగులో, మరికొందరం విమానాశ్రయ ఉద్యోగాల్లో పడ్డాం. బడి సంచికకు వ్యాసం అడిగినప్పుడు, ఇక మీదట పిల్లల్ని తీసుకెళ్లబోయే సార్లకూ మేడమ్‌లకూ పనికొచ్చేదే రాద్దామనుకున్నాం. పరాయి దేశంలో ఉండగా భూకంపమో, యుద్ధమో, వరదో మీద పడితే ఏం చేయాలన్నదే విషయం.

అలాంటప్పుడు ఇక్కడి నుంచి అందరూ చెప్పే మాట, పిల్లల్ని విడిపోనివ్వకండి అని. కానీ 45 సీట్లు ఒకే విమానంలో ఎవరూ ఇవ్వరు. విడిపోక తప్పదు. ఎలా విడిపోవాలో హైదరాబాద్‌లోనే కాగితం మీద రాసుకోవాలన్నది మా మాట.

40 మంది పిల్లలు, 5గురు టీచర్లు అనుకుందాం. 8 మంది పిల్లలకు ఒక టీచరు చొప్పున 9 మంది జట్లు ఐదవుతాయి. ఈ 9కి కారణం ఉంది. మామూలు బుకింగులో ఒక పీఎన్‌ఆర్ మీద సాధారణంగా 9 మంది దాకానే పడతారు. 10 నుంచి గ్రూప్ బుకింగ్ కిందికి వెళ్తుంది. గ్రూప్ టికెట్ చవక, పేర్లు ఆఖర్న ఇచ్చుకోవచ్చు, అందుకే బడులన్నీ అదే తీసుకుంటాయి. చిక్కంతా విమానం రద్దయినప్పుడు. విడి ప్రయాణికులకు కంప్యూటరే ఇంకో విమానం చూసి సీటు వేసేస్తుంది, ఫోన్‌కు మెసేజ్ కూడా వస్తుంది. 45 పేర్లున్న పీఎన్‌ఆర్‌కు అన్ని సీట్లు ఒకచోట దొరకవు కనుక అది అలాగే పడి ఉంటుంది. విమాన సంస్థ గ్రూప్ డెస్కులో మనిషి తెరిచి చూస్తేనే కదులుతుంది, ఆ డెస్కేమో రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ పనిచేయకపోవచ్చు. పక్కన నిలబడ్డ కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్లిపోతుంటాయి, బడి పిల్లలు మాత్రం బ్యాగుల మీద కూర్చునే ఉంటారు.

కాబట్టి టికెట్లు చేతికొచ్చాక ఆ పీఎన్‌ఆర్‌ను 9 మంది చొప్పున విడగొట్టి పెట్టమని ఏజెంటును అడగండి. కొన్ని సంస్థలు ఒప్పుకోవు, కొన్ని ఛార్జీ అడుగుతాయి. కుదరకపోతే జట్ల జాబితా అయినా ప్రతి టీచరు జేబులో ఉండాలి. కౌంటర్లో అమ్మాయి ‘9 సీట్లున్నాయి, ఎవరెవరు?’ అన్నప్పుడు కాగితం తీసి ఇవ్వాలి తప్ప అక్కడ మీటింగు పెట్టుకుంటే ఆ సీట్లు వెనకున్నవాళ్లకు పోతాయి. ఆరక్షరాల పీఎన్‌ఆర్‌తో పాటు ఒక్కొక్కరి 13 అంకెల ఈ-టికెట్ నంబరు కూడా రాసి పెట్టుకోండి. బుకింగును విడగొడితే పీఎన్‌ఆర్ కొత్తది వస్తుంది, అప్పుడు పిల్లవాడి బుకింగును వెతికి పట్టుకునేది టికెట్ నంబరుతోనే.

ఏ జట్టులో ఎవరుండాలన్నది పిల్లల స్నేహాలకు వదిలేయకండి, అలాగని అటెండెన్సు రిజిస్టరును వరుసగా ముక్కలు కోసేయనూ వద్దు. తోబుట్టువులు ఒకే జట్టు. ఆడపిల్లలున్న జట్టుకు మేడమే ఉండాలి. ఇన్సులిన్ తీసుకునే పిల్ల, ఇన్‌హేలర్ వాడే పిల్లవాడు ఆ సంగతి తెలిసిన టీచరు దగ్గరే. వెళ్లే వరుస కూడా ఇక్కడే రాయాలి: మందులు ముందుగా అయిపోయే పిల్లలున్న జట్టు మొదట, తర్వాత వీసా గడువు దగ్గరపడినవాళ్లు, ఆ తర్వాత చిన్న తరగతులు, బృందానికి పెద్దగా వెళ్లినవారి జట్టు అన్నిటికన్నా చివర. ఈ వరుసను తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించి సంతకాలు పెట్టించుకోండి. లేకపోతే ఆ రాత్రి ఎవరో ఒకరి నాన్నకు ఎవరో ఒక ఎమ్మెల్యే తెలిసే ఉంటారు.

వీసా దగ్గర ఒక మెలిక ఉంది. చైనా గ్రూప్ వీసాలో అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి, కలిసి లోపలికి వెళ్లినవాళ్లు కలిసే బయటికి రావాలి. జట్లుగా రావాలంటే విడి వీసాలే మేలు, కొంత ఖర్చెక్కువైనా సరే.

పాస్‌పోర్టులన్నీ ఒకే సార్ సంచిలో ఉండడం దాదాపు ప్రతి బడి యాత్రలోనూ కనిపించే అలవాటు. ఆ సంచి పోయినా, ఆ సార్ ఆస్పత్రి పాలైనా 45 మందీ అక్కడే ఆగిపోతారు. జట్టు పాస్‌పోర్టులు జట్టు టీచరు దగ్గర, జిప్పున్న పౌచ్‌లో, ఒంటి మీదే ఉండాలి. జిరాక్సులు పక్క జట్టు టీచరు దగ్గర, స్కాన్లు నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్లో. మైనర్ల పాస్‌పోర్టు సాధారణంగా చెల్లేది 5 ఏళ్లు లేదా 18 నిండేదాకా, ఏది ముందైతే అది. చాలా దేశాలు ఇంకా 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి, ప్రయాణం పొడిగించాల్సి వస్తే ఎలాగో కూడా ఆలోచించి గడువు చూడండి.

పాస్‌పోర్టు పోతే భారత రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. పోలీసు ఫిర్యాదు కాపీ, ఫోటోలు, పాత పాస్‌పోర్టు వివరాలు, పిల్లలకైతే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతారు. అది ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. వీసా కూడా పోయిన పాస్‌పోర్టులోనే ఉంటుంది కనుక ఆ దేశం ఇమిగ్రేషన్ నుంచి బయటికి వెళ్లే అనుమతి విడిగా తీసుకోవాల్సి రావచ్చు. ఇంకో దేశంలో విమానం మారే టికెట్టుతో ఇబ్బంది పడతారు. ఆ పిల్లవాడినీ వాళ్ల టీచరునూ ఢిల్లీకో ముంబయికో నేరుగా వచ్చే విమానం ఎక్కించి, అక్కడి నుంచి హైదరాబాద్ తెచ్చుకోవడం తేలిక.

మన పేర్లతో ఇంకో తంటా. బడి రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడే ఖాళీ. అలాంటివాళ్లకు టికెట్ మీద ఒకే పేరు రెండుసార్లు పడొచ్చు, అమెరికా వీసాలోనైతే సొంత పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, పేరున్నచోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు) అని ఉంటుంది. రాయబార కార్యాలయానికి ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగేది జాబితా. బడి రిజిస్టరు ఫోటో తీసి పంపితే అక్కడి పేర్లు విమానం జాబితాతో కలవవు. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు పేరు, నంబరు, పుట్టిన తేదీ, వీసా గడువు, ఇప్పుడున్న చోటు, అక్కడ మోగే ఫోన్ నంబరు, ఇవన్నీ ఒక ఎక్సెల్ షీటులో జట్ల వారీగా ఉండాలి. దాని కాపీ హైదరాబాద్‌లో బడి దగ్గరా ఉండాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయాల్సి వస్తే ఇక్కడున్నవాళ్లు కూడా ఆ పని చేయగలరు.

తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసి నోటరీ చేయించే సమ్మతి పత్రంలో ఒక్క టీచరు పేరే రాయిస్తుంటారు. జట్టు టీచరు, మారు టీచరు ఇద్దరి పేర్లూ ఉండాలి. వేరే దారిలో, వేరే దేశం మీదుగా తీసుకురావడానికీ, అవసరమైతే ఆపరేషన్ చేయించడానికీ ఒప్పుకుంటున్నట్టు అందులోనే ఉండాలి. నేపాల్ వెళ్లేవాళ్లకు ఒక మాట. విమానంలో వెళ్లే 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చాలు, పాస్‌పోర్టు అక్కర్లేదు. అయినా పాస్‌పోర్టులు తీసుకెళ్లండి. ఖాట్మండూ నుంచి ఇంకో దేశం మీదుగా రావాల్సి వస్తే ఆ ధ్రువపత్రం ఎవరూ చూడరు.

ఇక కదలాలా, ఆగాలా అన్నది. కరోనా వచ్చినప్పుడు, 2020 మార్చి 19న మన ప్రభుత్వం 22 నుంచి అంతర్జాతీయ విమానాలు దిగనివ్వమని ప్రకటించింది. అంటే చేతిలో ఉన్నది మూడు రోజులు. తర్వాత విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. మూసే తేదీ ముందే తెలిసినప్పుడు హైదరాబాద్ విమానమే కావాలని కూర్చోకూడదు. చెన్నై, కొచ్చి, ఢిల్లీ, దేశంలో ఏ ఊరికి సీటు దొరికితే ఆ ఊరికి రావాలి. తేదీ లేకుండా మూసుకుపోతే లెక్క వేరు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకు యూరప్ ఆకాశం దాదాపు వారం మూతపడింది, రేపు తెరుస్తారో ఎల్లుండి తెరుస్తారో ఎవరికీ తెలియదు. అప్పుడు మొదటి పని విమాన సంస్థ క్యూలో నిలబడడం కాదు, హోటల్ గదులు ఇంకో మూడు రాత్రులకు పొడిగించుకోవడం. మధ్యాహ్నానికల్లా ఊళ్లో గదులు అయిపోతాయి. యూరోపియన్ యూనియన్ దేశం నుంచి బయల్దేరే విమానం రద్దయితే 261/2004 నిబంధన కింద భోజనం, బస సంస్థే చూడాలి. బూడిద లాంటి కారణానికి నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదు కానీ ఇది తప్పించుకోలేరు.

2025 జూన్ 23 రాత్రి ఖతార్ గగనతలం మూసింది కొన్ని గంటలే. తెరిచాక కూడా వెంటనే అన్నీ సర్దుకోవు. విమానాలు వేరే ఊళ్లలో దిగి ఉంటాయి, పైలట్లకు డ్యూటీ గంటలు అయిపోతాయి, వాళ్లు నిద్రపోయి లేస్తే గానీ తిరిగి ఎగరరు. మన ఊరి నుంచి పడమటికి వెళ్లేవాళ్లలో చాలామంది దోహా, దుబాయ్, అబుదాబీల్లోనే విమానం మారతారు. అక్కడ చిక్కుకుంటే, సంస్థ హోటల్ ఇస్తానన్నా ఆ దేశం లోపలికి అనుమతి లేనిదే టెర్మినల్ దాటనివ్వరు. ఆ రాత్రి కుర్చీల మీదే అనుకుని చేతి సంచిలో శాలువ, ఒక జత బట్టలు, రెండు పూటల తిండి పెట్టించండి. మురుకులు, చపాతీలు, నీళ్లు పోస్తే ఉడికే ఉప్మా ప్యాకెట్లు. ఊరగాయ చెకిన్ బ్యాగులోకే, నూనె ఉంటుంది కనుక శంషాబాద్ సెక్యూరిటీలోనే ఆపేస్తారు. మసాలాపొడిలో గసగసాలు ఉంటే అది ఇంట్లోనే ఉండనివ్వండి, యూఏఈలో గసగసాలు నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు.

2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసిన వానకు విమానాశ్రయంతో పాటు రోడ్లూ మునిగాయి. విమానం ఉందో లేదో చూడకుండా బస్సులో బయల్దేరితే పిల్లలు నీళ్ల మధ్య ఇరుక్కుంటారు. ప్రమాదం ఉన్నచోటనే ఉంటే కదలాలి, దారిలో ఉంటే ఆగాలి. భూకంపానికి ఇంకొకటి కలపాలి. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చాక, మే 12న మళ్లీ 7.3 వచ్చింది. బ్యాగుల కోసం, ఛార్జర్ కోసం గదిలోకి ఎవరినీ పంపకూడదు. పాస్‌పోర్టులు టీచరు ఒంటి మీదే ఉండాలన్నది ఇందుకే.

విదేశం కాకపోయినా మన నగరం మరిచిపోలేనిది 2014 జూన్ 8. హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు మనాలీ దారిలో బియాస్ నది ఒడ్డున ఫోటోల కోసం దిగారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. కార్యక్రమంలో లేని చోట బస్సు ఆపాలంటే జట్టు టీచర్లందరూ ఒప్పుకోవాలన్న నియమం పెట్టుకోండి, ఒక్కరు వద్దన్నా ఆపొద్దు.

ఇప్పుడు వరుస నంబర్ల సంగతి. ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, కాకపోతే ప్రాక్సీ చెప్పడం మన పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. బాత్రూమ్‌కు వెళ్లిన స్నేహితుడి నంబరు పక్కవాడు అరిచేస్తాడు. అందుకని జట్టును వరుసలో నిలబెట్టి, నంబరు చెప్పినవాడు ఒక అడుగు ముందుకు వేయాలి, టీచరు ముఖం చూసి టిక్కు పెట్టాలి. 8 మందికి అర నిమిషం పట్టదు. లెక్క గది లోపల కాదు, గుమ్మం దగ్గర తీయాలి. బస్సు ఎక్కాక, ఇమిగ్రేషన్ దాటాక, గేటు మారిందని ప్రకటన వచ్చాక తప్పనిసరి. గేటు మారినప్పుడే ఎక్కువ తప్పిపోతారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి కనుక.

ఇంటి వైపు సంగతి ఫోన్లది. బడిలో ప్రయాణం చేయని ఒకరిని డెస్కుగా పెట్టండి. తల్లిదండ్రుల ఫోన్లు, టీవీ చానెళ్ల ఫోన్లు అన్నీ ఆ నంబరుకే. అక్కడున్న టీచరుకు డెస్కు తప్ప ఇంకెవరూ ఫోన్ చేయకూడదు. హైదరాబాద్ టైము ప్రకారం ఉదయం 7కు, రాత్రి 8కి మెసేజ్ వెళ్లాలి, కొత్త కబురు లేకపోయినా సరే. ఆలస్యమైన పది నిమిషాల్లో గ్రూపులో ఎవరో పాత వీడియో ఒకటి పెట్టేస్తారు. ‘అందరూ క్షేమం’ అని రాస్తే ఎవరూ నమ్మరు. ఏ హోటల్లో ఉన్నారు, లెక్క ఎన్నింటికి తీశారు, ఏం తిన్నారు, మళ్లీ నిర్ణయం ఎప్పుడు, ఇవి రాయండి. పిల్లల ఫోన్లు లాక్కోకండి. మెసేజ్‌కు ముందు ఒక్కొక్కరూ మూడు నిమిషాలు అమ్మతో మాట్లాడితే గ్రూపులో సగం ప్రశ్నలు ఆగిపోతాయి. జట్టుకొక పవర్ బ్యాంకు చాలు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు, 100 లోపు కనుక చేతి సంచిలో అనుమతిస్తారు, చెకిన్ బ్యాగులో పెడితే తీయించేస్తారు.

డబ్బు ఒక్క కార్డులో వద్దు. కరెంటు పోతే కార్డు మిషన్లూ పోతాయి. జట్టుకు రెండు రోజుల తిండికీ ట్యాక్సీకీ సరిపడా చిన్న నోట్లు టీచరు దగ్గరుండాలి. మందులు ప్రయాణం రోజులకు మించి ఇంకో వారానికి, సగం పిల్లల దగ్గర, సగం టీచరు దగ్గర, చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించి. ఇన్సూరెన్సు పాలసీలు యుద్ధం వల్ల వచ్చే నష్టానికి వర్తించకపోవడం మామూలే. వార్తల్లోకి వచ్చేసిన గొడవకు ఆ తర్వాత కొన్న పాలసీ కూడా పనికిరాదు. అడ్వాన్సు కట్టిన రోజే పాలసీ తీసుకోండి.

జట్లు వేర్వేరు రోజుల్లో శంషాబాద్ చేరతాయి. ఢిల్లీలో ఇమిగ్రేషన్ అయిపోయిన జట్టు ఇక్కడ డొమెస్టిక్ వైపు బయటికి వస్తుంది, అమ్మానాన్నలేమో ఇంటర్నేషనల్ వైపు ఎదురుచూస్తుంటారు. ఏ గేటో డెస్కు ముందే చెప్పాలి. పిల్లల్ని అప్పగించేటప్పుడు జట్టు జాబితాలో పేరు పక్కన తల్లిదో తండ్రిదో సంతకం, తీసుకున్న టైము. పాస్‌పోర్టు మాత్రం ఆ జట్టు మొత్తం లెక్క తేలాకే ఇవ్వండి. బోర్డింగ్ పాసుల ముక్కలు, విమానం రద్దయిందని సంస్థ ఇచ్చిన కాగితం, హోటల్ బిల్లులు పారేయకుండా జట్టు టీచర్ల దగ్గర నుంచి అక్కడికక్కడే తీసుకుని ఒక కవర్లో వేయండి. ఇన్సూరెన్సు వాళ్లు నెల తర్వాత అడిగేవి అవే.